ప్రవేశ పరీక్ష - పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఇంటర్మీడియెట్ ముగించిన పల్లె బిడ్డకు ఇంజనీరింగు కళాశాలలో సీటు దొరకనిచో, చదువు చాలలేదని ఊరివారు సరిపెట్టుకొనుట పరిపాటి. కాని చదువు చాలియు, పరీక్ష పద్ధతి తెలియకనో, ఒక ధ్రువపత్రము సకాలమున చేతికి అందకనో సీటు పోగొట్టుకొనువారును కలరు. ఈ నష్టమును తప్పించుట పంచాయతీ సభ్యులకు సాధ్యమైన పని. అందుచే ఈ పరీక్షను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క కుంచముతో ధాన్యము కొలిచినచో న్యాయము జరుగదు. అట్లే వేర్వేరు బోర్డుల క్రింద చదివినవారిని ఒకే కొలతతో కొలుచుటకు ఏర్పడినదే ప్రవేశ పరీక్ష. క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన 1983 నాటి చట్టము, ధనమును బట్టి గాక ప్రతిభను బట్టి ప్రవేశము కల్పింపవలెనని నిర్దేశించినది. చిరకాలము ఎంసెట్ అని పిలువబడిన ఈ పరీక్షకు ఆంధ్రప్రదేశ్‌లో 2021లోను, తెలంగాణలో 2024లోను ఈఏపీసెట్ అను పేరు వచ్చినది. వైద్యవిద్యకు మాత్రము నీట్ అను అఖిల భారత పరీక్ష వేరుగా కలదు.

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటల వ్యవధి. ఇంజనీరింగు కోరువారికి గణితమున 80, భౌతిక, రసాయన శాస్త్రములలో 40 చొప్పున ప్రశ్నలుండును. ప్రశ్నకు ఒక మార్కు. తప్పు జవాబునకు కోత లేదు. కావున ఏ ప్రశ్నను విడిచిపెట్టరాదు. నీట్‌లో అట్లు కాదు. అక్కడ సరియైన జవాబునకు నాలుగు మార్కులు వచ్చును, తప్పునకు ఒకటి పోవును. ఈ భేదము తెలియక భయముతో ప్రశ్నలు వదలివేసిన విద్యార్థి వెనుకబడును.

పరీక్ష కంప్యూటరుపై జరుగును. మౌస్ ఎన్నడును పట్టని బిడ్డకు అదియే మొదటి చిక్కు. అధికారిక వెబ్‌సైటులో నమూనా పరీక్ష ఉచితముగా లభించును. పంచాయతీ కార్యాలయమునందో, పాఠశాలయందో ఉన్న కంప్యూటరుపై రెండు మూడు మారులు అభ్యాసము చేయించిన చాలును. నిర్ణీత సమయము దాటినచో పరీక్షా కేంద్రములోనికి రానీయరు గనుక ప్రయాణ ఏర్పాటు ముందే చూడవలెను.

ర్యాంకు వచ్చినంతనే సీటు రాదు. కౌన్సెలింగునకు కుల, ఆదాయ ధ్రువపత్రములు, చదివిన పాఠశాలల స్టడీ సర్టిఫికెట్లు కావలెను. వీటిని వేసవి రాకముందే సిద్ధపరచుకొనుట మేలు. తరువాత కళాశాలలను, కోర్సులను కోరిక వరుసలో గుర్తింపవలెను. ర్యాంకును బట్టి, ఆ వరుసలో మొదట లభ్యమగు సీటునే కేటాయింతురు. కావున ఎక్కువ కళాశాలలను గుర్తించుట వలన నష్టము లేదు. వరుస తారుమారైనచో నష్టము కలదు.

ఊరిలో ఇంటర్మీడియెట్ చదువు బిడ్డలెందరో సభ్యులకు తెలియనిది కాదు. ప్రతి సంవత్సరము సంక్రాంతి నాటికి వారి పేర్లు వ్రాసికొని, ఎవరికి ఏ పత్రము లేదో విచారించి, తహసీల్దారు కార్యాలయమునకు దరఖాస్తులు పెట్టింపుడు. పరీక్ష తేదీలను నోటీసు బోర్డుపై ప్రకటింపుడు. దీనికి ప్రత్యేక నిధులు అక్కరలేదు, శ్రద్ధ చాలును. కష్టపడి చదివిన బిడ్డ ఒక కాగితము కొరకు వెనుదిరుగకుండ చూచుట ఊరికి గౌరవమని మా విన్నపము.