అడుగు లేని బావి

చేదబావిలో రాయి వేస్తే ఏమవుతుంది? కాసేపటికి "బుడుంగ్" మని చప్పుడు వస్తుంది. రాయి నీళ్లలో పడింది అన్నమాట. బావి ఎంత లోతు ఉంటే చప్పుడు అంత ఆలస్యంగా వినిపిస్తుంది.

మరి బావికి అడుగే లేకపోతే? భూమిని ఈ వైపు నుంచి ఆ వైపుకు తొలిచేస్తే? అందులో వేసిన రాయి ఎక్కడికి పోతుంది?

"అవతల నుంచి జారి కింద పడిపోతుంది" అంటారు కొందరు. "సరిగ్గా మధ్యలో ఆగిపోతుంది" అంటారు ఇంకొందరు. రెండూ కాదు.

ముందు "కింద" అంటే ఏమిటో చూద్దాం. భూమి బత్తాయి పండులా గుండ్రంగా ఉంది. పండు మీద అన్ని వైపులా చీమలు పాకుతాయి. అట్లాగే భూమి మీద అన్ని వైపులా మనుషులు ఉన్నారు. అవతలి వైపు వాళ్లు జారిపోవడం లేదు. ఎందుకని? భూమి అందరినీ తన నడిమధ్యకు లాగుతుంది. దీనినే భూమ్యాకర్షణ శక్తి అంటారు. ఇంగ్లండుకు చెందిన న్యూటన్ అనే శాస్త్రవేత్త 1687లో ఈ లాగుడు లెక్కను పుస్తకంగా అచ్చు వేశాడు.

కాబట్టి "కింద" అంటే భూమి నడిమధ్య వైపు. ఎవరికైనా అంతే. మన కాళ్ల కింద అమెరికా ఉందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. తెలుగు నేల నుంచి తిన్నగా తొలిస్తే అవతల పసిఫిక్ మహాసముద్రం వస్తుంది.

భూమి బొంగరంలా తిరుగుతోంది. అందువల్ల మామూలు చోట తవ్విన సొరంగంలో రాయి గోడకు తగులుతుంది. అందుకని ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువం దాకా తవ్వామనుకుందాం. దాని పొడవు సుమారు 12,700 కిలోమీటర్లు. అందులో గాలి కూడా లేదనుకుందాం.

ఇప్పుడు రాయి వదిలారు. అది పడే కొద్దీ వేగం పెరుగుతుంది. వెనక వదిలి వచ్చిన భూమి రాయిని వెనక్కి లాగుతుంది. ముందున్న భూమి ముందుకు లాగుతుంది. నడిమధ్య వచ్చేదాకా ముందున్న భూమిదే పైచేయి.

నడిమధ్యలో ఏమవుతుంది? అక్కడ భూమి అన్ని వైపుల నుంచీ సమానంగా లాగుతుంది. నలుగురు నాలుగు వైపులా సమానంగా లాగితే తాడు ఎటూ పోదు కదా! అక్కడ బియ్యం బస్తాను కాటాకు తగిలించినా ముల్లు కదలదు. బరువే ఉండదు.

అయినా రాయి అక్కడ ఆగదు. అప్పటికే దాని వేగం సెకనుకు సుమారు 10 కిలోమీటర్లు. ఆ ఊపుతో అది అవతలికి పోతుంది. నడిమధ్య దాటాక లాగుడు వెనక నుంచి ఉంటుంది. వేగం తగ్గుతూ వస్తుంది. అవతలి అంచు దగ్గర రాయి ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరూ పట్టుకోకపోతే తిరిగి వెనక్కి పడుతుంది.

ఉయ్యాల ఊగేదీ ఇట్లాగే. కిందికి వచ్చినప్పుడు వేగం ఎక్కువ. రెండు కొసల్లో ఒక్క క్షణం ఆగుతుంది. రాయికి ఒక కొస నుంచి రెండో కొసకు సుమారు 38 నిమిషాలు పడుతుంది. ఇంట్లో అన్నం, పప్పు వండేంత సేపు!

అసలు అంత సొరంగం తవ్వగలమా? తవ్వలేం. కోలారు బంగారు గనుల్లో చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో పని చేశారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. వాటి లోతు 3 కిలోమీటర్లు దాటింది. అక్కడే రాళ్లు కాలిపోయేవి. రష్యాలో కోలా అనే చోట 1970లో ఒక బోరు మొదలుపెట్టారు. 1989 నాటికి అది 12,262 మీటర్లు దిగింది. అక్కడ వేడి 180 డిగ్రీలు. నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. ఇక ముందుకు పోవడం వాళ్ల వల్ల కాలేదు. భూమిని బత్తాయి అనుకుంటే ఆ బోరు తొక్క కూడా దాటలేదు.

తవ్వలేని సొరంగం గురించి ఆలోచిస్తే ఏం లాభం? లాభం ఉంది. శ్రీహరికోట నుంచి పంపే ఉపగ్రహం కూడా ఆ రాయిలాగే భూమి వైపు పడుతూనే ఉంటుంది. కానీ అదే సమయంలో పక్కకు చాలా వేగంగా పోతుంది. అందుకే నేలకు తగలకుండా భూమి చుట్టూ తిరుగుతుంది. దాన్ని నడిపేదీ ఆ లాగుడు లెక్కే.

1977లో దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికి వస్తోందని ముందే తెలిసింది. ఉపగ్రహాలు తీసిన బొమ్మలు అందుకు తోడ్పడ్డాయి. తీరం ఊళ్ల నుంచి ఎంతోమందిని ముందే తరలించారు.

చేసి చూడండి: ఒక దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీయండి. ఒక పక్కకు లాగి వదలండి. రాయి మధ్యలో ఆగుతుందా? ఎక్కడ వేగంగా పోతుంది? ఎక్కడ ఆగి వెనక్కి తిరుగుతుంది? చాలాసేపటికి గాలి అడ్డు వల్ల ఊపు తగ్గి మధ్యలో నిలిచిపోతుంది. సొరంగంలో గాలి ఉంటే ఆ రాయి కూడా చివరికి భూమి నడిమధ్యలోనే నిలుస్తుంది.