ఒకే అచ్చు, ఒకే ముక్క

రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. సైనికులు తిరిగొచ్చి పెళ్లిళ్లు చేసుకున్నారు. అమెరికాలో కొత్త ఇళ్లు లక్షల్లో లేచాయి. చిన్న ఇళ్లు, అంతంతమాత్రం జీతాలు. వాటిలోకి చవకగా, చూడముచ్చటగా ఉండే సామాను కావాలి. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 1948లో ఇందుకోసమే అంతర్జాతీయ పోటీ పెట్టింది. డిజైనర్ చార్లెస్ ఈమ్స్ బృందం పంపిన రేకు కుర్చీకి రెండో బహుమతిలో వాటా దక్కింది. అయినా ఆ రేకు కుర్చీ దుకాణం ముఖం చూడలేదు. ఒంటికి చల్లగా తగులుతుంది, చేయడానికి ఖర్చూ ఎక్కువే.

వీపు, చేతులు, కూర్చునే చోటు కలిసి ఒకే ముక్కగా రావాలన్నది చార్లెస్, ఆయన భార్య రే ఇద్దరి పట్టుదల. 1940లోనే చార్లెస్, ఆర్కిటెక్ట్ ఏరో సారినెన్‌తో కలిసి ప్లైవుడ్‌తో ప్రయత్నించారు. ప్లైవుడ్ ఒకవైపుకి వంచితే వంగుతుంది. రెండు వైపులా ఒకేసారి వంచబోతే చిట్లుతుంది. ఆ పగుళ్ల మీద మెత్త, గుడ్డ కప్పాల్సి వచ్చింది.

దారి చూపింది యుద్ధ పరిశ్రమే. రాడార్ల మీద పెట్టే ఫైబర్‌గ్లాస్ గుమ్మటాలు చేసిన జెనిత్ ప్లాస్టిక్స్ సంస్థ కాలిఫోర్నియాలో ఉండేది. అక్కడ తరిగిన గాజు నారను కుర్చీ ఆకారంలో పేర్చి, రెజిన్ పోసి, వేడి ఉక్కు అచ్చుల మధ్య హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కారు. 1950లో హెర్మన్ మిల్లర్ సంస్థ ఈ కుర్చీని అమ్మకానికి పెట్టింది. తొలి కుర్చీల అంచు గట్టిగా ఉండాలని లోపల తాడు పెట్టేవారు. పాత సరుకు సేకరించేవాళ్లు ఇప్పుడు వెతికేది ఆ తాడు అంచునే.

రంగు పైన పూసింది కాదు, రెజిన్‌లో కలిపింది. దగ్గరగా చూస్తే గాజు నార పోగులు కనిపిస్తాయి. నా మటుకు ఈ కుర్చీ అందమంతా అక్కడే ఉంది. తర్వాత వచ్చిన పాలీప్రొపిలీన్ రకం నునుపు చూస్తే బకెట్ గుర్తొస్తుంది. కాళ్లు మాత్రం విడిగా బిగించేవే. ఈఫిల్ టవర్‌ని తలపించే తీగల కాళ్లు పెట్టుకోవచ్చు, వంపు కర్రలు బిగించి ఊగే కుర్చీ చేసుకోవచ్చు. కాళ్లకీ కుర్చీకీ మధ్య అతికించిన రబ్బరు బిళ్లలుంటాయి. పాతది కొనేటప్పుడు బోర్లించి చూడాల్సింది వాటినే. ఏళ్లు గడిస్తే గట్టిపడి ఊడిపోతాయి. భోజనాల బల్లకి వేసుకుంటే చేతుల ఎత్తు కొలుచుకోండి, లేకపోతే బల్ల కిందికి దూరదు.

ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వం పిలుపు మీద భారతదేశం తిరిగి, 1958లో ఇచ్చిన నివేదికలో చెంబు ఆకారాన్ని మెచ్చుకున్నారు. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టుకకు ఆ నివేదికే ఆధారం. అందరికీ అందాలనుకున్న వాళ్ల కుర్చీ ఇప్పుడు డబ్బున్న ఇళ్ల అలంకారం. చవక కుర్చీ వచ్చింది వేరే దారిలో. మన ఫంక్షన్ హాళ్లలో ఒకదాని మీద ఒకటి దొంతరలుగా పేర్చే ప్లాస్టిక్ కుర్చీకి కాళ్లు కూడా అచ్చులోంచే వస్తాయి. ధర విషయంలో గెలుపు దానిదే. వీపు విషయంలో మాత్రం, తాళి కట్టే వేళదాకా అందులో కూర్చున్నవాళ్లని అడగండి.