టీబీ కాదు.. దాని చుట్టం! తేల్చేది ల్యాబే

వారాల తరబడి దగ్గు. కళ్లె పరీక్షలో క్రిమి కనిపించింది. టీబీ మందులు మొదలయ్యాయి. నెలలు గడిచినా తగ్గలేదు. మందులకు లొంగని టీబీ అనుకుంటాం. కానీ అసలు దోషి నాన్‌ ట్యూబర్‌క్యులస్‌ మైకోబ్యాక్టీరియా (ఎన్‌టీఎం) కావొచ్చు. మట్టిలో, నీళ్లలో ఉండే ఈ క్రిముల్లో 190కి పైగా జాతులున్నాయి. మైక్రోస్కోప్‌ కింద చూస్తే అచ్చం టీబీలాగే ఉంటాయి. ఏది ఏదో తేల్చి చెప్పే నిపుణులే ఇక్కడ కీలకం. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఎంఎల్‌టీ విద్యార్థులూ.. ఈ రంగంపై ఓ కన్నేయండి.

ఎలా పట్టుకుంటారు?

స్మియర్‌ పాజిటివ్‌ వచ్చి, సీబీనాట్‌లో టీబీ లేదని తేలితే ఎన్‌టీఎంను అనుమానించాలి. నమూనాను కల్చర్‌ చేస్తారు. పెరిగిన క్రిమి టీబీదా కాదా అన్నది ఎంపీటీ 64 పరీక్ష చెబుతుంది. జాతిని లైన్‌ ప్రోబ్‌ ఎస్సే, జీన్‌ సీక్వెన్సింగ్‌ తేలుస్తాయి. నీటిలోని క్రిమి నమూనాలో కలిసిపోయే ప్రమాదముంది. అందుకే 2020 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం లక్షణాలు, స్కాన్‌లతోపాటు, వేర్వేరుగా తీసిన కనీసం రెండు కళ్లె నమూనాల్లో క్రిమి పెరగాలి.

14 రోజులు ఎందుకు?

ఇంటర్వ్యూకు పనికొచ్చే పాయింట్‌ ఇది. మైకోబ్యాక్టీరియం యాబ్సెసస్‌పై క్లారిత్రోమైసిన్‌ తొలి రోజుల్లో పనిచేస్తున్నట్టే ఉంటుంది. కానీ చాలా రకాల్లో ఈఆర్‌ఎం 41 అనే జన్యువు మందు తగిలాకే మేల్కొని దాన్ని అడ్డుకుంటుంది. అందుకే పరీక్షను 14 రోజుల వరకు గమనిస్తారు. తొందరపడి ‘మందు పనిచేస్తుంది’ అని రిపోర్టు ఇచ్చేస్తే నష్టపోయేది రోగే. చికిత్స కూడా సుదీర్ఘం. ఏవియం కాంప్లెక్స్‌ రకానికి అజిత్రోమైసిన్‌, రిఫాంపిసిన్‌, ఇథాంబుటాల్‌ కలిపి ఇస్తారు. కల్చర్‌ నెగెటివ్‌ అయ్యాక కూడా కనీసం 12 నెలలు వాడాలి.

దారులివీ..

* డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ: జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో ల్యాబ్‌ టెక్నీషియన్‌, ల్యాబ్‌ సూపర్‌వైజర్‌ కొలువులుంటాయి. చాలావరకు కాంట్రాక్టువే. జిల్లా నోటిఫికేషన్లు గమనించండి.
* ఎమ్మెస్సీ: సీఎస్‌ఐఆర్‌- యూజీసీ నెట్‌తో జేఆర్‌ఎఫ్‌ సాధిస్తే పరిశోధన వైపు వెళ్లొచ్చు. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ, ఆగ్రాలోని జాల్మా ఇందుకు పేరున్నవి.
* ఎంబీబీఎస్‌: మైక్రోబయాలజీ లేదా పల్మనరీ మెడిసిన్‌లో ఎండీ.

డిగ్రీతోపాటు కల్చర్‌, పీసీఆర్‌, బయోసేఫ్టీ పద్ధతులు చేత్తో చేసి నేర్చుకోండి. ఫైనలియర్‌ ప్రాజెక్టుకు మైకోబ్యాక్టీరియా ల్యాబ్‌లో అవకాశం దొరికితే వదులుకోవద్దు.