ఇది పరీక్షా? పనా?

డిజైనర్ ఉద్యోగాలకు వెళ్లే తమ్ముళ్లకు నాలుగు మాటలు



మేము నలుగురం. ఇదే హాల్లో ట్రంకు పెట్టెల పక్కన చాపలు పరుచుకుని పడుకున్నవాళ్లమే. ఆగస్టు 15 వస్తే గేటు మీద అక్షరాలు, వార్షికోత్సవం వస్తే స్టేజీ వెనక బ్యానరు మా చేతుల మీదుగానే జరిగేవి. రంగులంటిన ఆ చేతులే తర్వాత మాకు అన్నం పెట్టాయి. ఒకరం ఫ్లెక్సీ షాపులో, ఒకరం డీటీపీ సెంటర్లో పనికి కుదిరాం. మెల్లగా కంప్యూటర్ నేర్చుకుని నలుగురం కంపెనీల్లో డిజైనర్లమయ్యాం. ఇప్పుడు మీలో కూడా బొమ్మలు వేసేవాళ్లు, ఫోన్లోనే పోస్టర్లు తయారు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రేపు మీరూ ఈ ఉద్యోగాలకు వెళతారు. అక్కడ మీకు ఎదురయ్యే ఒక విషయం గురించి ముందే చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

టేక్ హోం టెస్ట్ అంటే ఏమిటి?

డిజైనర్ ఉద్యోగానికి మార్కుల జాబితా ఒక్కటే సరిపోదు. మనం చేసిన పనులన్నీ కలిపి ఒక సంపుటిలా చూపించాలి. దాన్నే పోర్ట్‌ఫోలియో అంటారు. అది చూశాక చాలా కంపెనీలు, "ఈ పని ఇంటి దగ్గర చేసి పంపండి" అని ఒక పరీక్ష ఇస్తాయి. ఒక లోగో కావచ్చు, ఒక బ్రోచర్ కావచ్చు, మొబైల్ యాప్‌కు నాలుగైదు స్క్రీన్లు కావచ్చు. గడువు రెండు రోజుల నుంచి వారం దాకా ఉంటుంది. దీనికి సాధారణంగా డబ్బు ఇవ్వరు.

కంపెనీ వైపు నుంచి చూస్తే ఇందులో న్యాయం లేకపోలేదు. పోర్ట్‌ఫోలియోలో ఉన్న పని అభ్యర్థి సొంతంగా చేసిందో, పదిమందితో కలిసి చేసిందో తెలియదు. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూశారు. ఉద్యోగానికి ఎవరు పనికొస్తారో ముందుగా అంచనా వేయడానికి పని చేయించి చూడటం మంచి పద్ధతుల్లో ఒకటని తేల్చారు. కాబట్టి పరీక్ష పెట్టడమే తప్పని మేము అనడం లేదు. ఎంత పని, ఎవరి అవసరం కోసం, ఎవరి ఖర్చు మీద అన్నవే అసలు ప్రశ్నలు.

పెళ్లికి వంట మాస్టారును కుదుర్చుకునేటప్పుడు ఒక స్వీటో, ఒక కూరో రుచి చూపించమంటాం. ఐదు వందల మందికి వండి పెట్టు, బాగుంటే నిన్నే కుదుర్చుకుంటాం అనం. డిజైనర్ల విషయంలో మాత్రం ఈ రెండో మాట అనేవాళ్లు ఉన్నారు.

మాలో ఒకరికి జరిగింది

మాలో ఒకడు హైదరాబాద్‌లో పగలు ఫ్లెక్సీ షాపులో పనిచేస్తూ ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. కిరాణా సరుకులు ఇంటికి పంపే యాప్ వాళ్లది. ఆ యాప్‌కే కొత్త హోం పేజీ, సరుకుల పేజీ, డబ్బు కట్టే పేజీ చేసి పంపమన్నారు. గడువు 5 రోజులు. సొంత లాప్‌టాప్ లేదు. రూమ్మేట్ నిద్రపోయాక అతని లాప్‌టాప్ తీసుకుని తెల్లవారేదాకా కూర్చునేవాడు. చివరి 2 రోజులు షాపుకు సెలవు పెడితే ఆ కూలీ పోయింది. 14 స్క్రీన్లు పంపాడు. మొదట "అందింది" అని ఒక మాట వచ్చింది. తర్వాత ఫోన్ చేసినా, మెయిల్ పెట్టినా జవాబు లేదు.

రెండు నెలలకు ఆ యాప్ కొత్త రూపంలో వచ్చింది. సరుకుల పేజీ చూసి మా వాడు కాసేపు మాట్లాడలేదు. అది అతను చేసినట్టే ఉంది. అతని పనే అని మేము రుజువు చేయలేం. ఒకే ఆలోచన ఇద్దరికి రావచ్చు. కానీ "మీరు ఎంపిక కాలేదు" అనే ఒక్క ముక్క కూడా రాయకపోవడం మాత్రం నిజం. ఆ రాత్రి వాడు, "ఉద్యోగం రాలేదని కాదురా, నన్ను మనిషిగా లెక్కపెట్టలేదు" అన్నాడు.

ఒక లెక్క వేసి చూడండి. ఒక్క ఉద్యోగానికి 30 మందికి పరీక్ష ఇచ్చారనుకుందాం. ఒక్కొక్కరికి 20 గంటలు పడితే మొత్తం 600 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 75 పని దినాలు. ఉద్యోగం వచ్చేది ఒకరికి. మిగతా 29 మంది పని ఊరికే పోయినట్టే.

ఈ బరువు అందరి మీదా ఒకేలా పడదు. ఇంట్లో లాప్‌టాప్, ఇంటర్నెట్ ఉండి, వారం రోజులు సంపాదించకపోయినా గడిచేవాడికి ఇది ఒక వారం శ్రమ. మనలాంటి వాడికి కూలీ పోతుంది, అద్దె ఆగుతుంది, ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది. కాబట్టి పరీక్షలో నెగ్గేది ఎప్పుడూ ప్రతిభే అనుకోకండి. ఒక్కోసారి నెగ్గేది తీరిక.

చట్టం ఏమంటుంది?

రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. 1982లో ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా దాని కిందికే వస్తుందని చెప్పింది. పేదరికం వల్ల వేరే దారి లేక ఒప్పుకున్నా అది బలవంతమేనని ఆ తీర్పు సారాంశం. ఇంటికిచ్చే పరీక్షను ఆ కూలీల బాధతో సమానం చేయడం లేదు. అయితే "ఇష్టమై చేశావు కదా" అని ఎవరైనా అంటే, గతిలేక ఒప్పుకోవడం ఇష్టం కాదని చెప్పిన ఆ తీర్పును గుర్తు చేసుకోండి.

నేరుగా పనికొచ్చేది 1957 నాటి కాపీరైట్ చట్టం. మీరు గీసిన బొమ్మకు, చేసిన డిజైనుకు మొదటి హక్కుదారు మీరే. దానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఉద్యోగంలో భాగంగా చేసిన పనిపై హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికి వెళుతుంది. కానీ పరీక్ష రాసేనాటికి మీరు ఉద్యోగి కాదు. ఆ హక్కు ఇంకొకరికి వెళ్లాలంటే రాతపూర్వకంగా మీ సంతకం ఉండాలి. అందుకే పరీక్షతో పాటు ఏదైనా ఫారం ఇస్తే పూర్తిగా చదవకుండా సంతకం పెట్టవద్దు. ఇంకో సంగతి, చట్టం కాపాడేది మీరు గీసిన రూపాన్ని. ఉత్త ఆలోచనను కాపాడదు.

మంచి పద్ధతులు లేవా?

ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ డాట్ కాం నడిపే ఆటోమాటిక్ సంస్థ అధిపతి మాట్ ములెన్‌వెగ్ 2014లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో తమ పద్ధతి వివరించారు. చివరి దశకు వచ్చిన అభ్యర్థులతో కొంతకాలం పని చేయించి చూసేవారు. దానికి గంటకు 25 డాలర్లు ఇచ్చేవారు. ఉన్న ఉద్యోగం మానకుండా రాత్రిపూట, సెలవు రోజుల్లో చేసుకునే వీలు కూడా ఉండేది.

మాలో ఇంకొకరికి వేరే కంపెనీలో ఇలాంటి మర్యాదే దొరికింది. ఆఫీసుకు పిలిచి, బస్టాండులో టికెట్ కౌంటర్ దగ్గర జనం ఇబ్బంది తగ్గించడానికి ఏం చేస్తావని అడిగారు. అది వాళ్ల వ్యాపారానికి సంబంధం లేని విషయం. వాళ్ల కంప్యూటరే ఇచ్చారు. సమయం 2 గంటలు. తర్వాత టీ తాగుతూ, "ఇక్కడ ఇలా ఎందుకు చేశావు?" అని మాట్లాడారు. అతనికి ఉద్యోగం వచ్చింది. రాకపోయినా బాధపడేవాడు కాదు.

మీరు ఏం చేయాలి?

1. పరీక్ష ఇవ్వగానే మొదలుపెట్టకండి. ముందు అడగండి: ఎన్ని గంటల పని? ఎంతమందికి ఇచ్చారు? పనిని మీరు వాడుకుంటారా? ఫలితం ఎప్పుడు చెబుతారు?

2. ఊహించిన విషయం మీద 2, 3 గంటల పని అయితే చేయండి. వాళ్ల సొంత యాప్‌కు, వాళ్ల సొంత ప్రకటనకు రోజుల తరబడి పని అడిగితే అది పరీక్ష కాదు, పని. దానికి డబ్బు అడగండి.

3. మార్చుకోవడానికి వీలున్న అసలు ఫైలు ఇవ్వకండి. ప్రతి పేజీ మీద మీ పేరు, తేదీ వేసి పీడీఎఫ్‌గా పంపండి. పంపిన మెయిల్ దాచుకోండి. రేపు అదే మీ సాక్ష్యం.

4. ఇలా మర్యాదగా రాయవచ్చు: "అయ్యా, ఈ పరీక్షకు 4 గంటలు కేటాయించగలను. ఆ సమయంలో ఒక స్క్రీన్ పూర్తిగా చేసి, మిగతావాటి ఆలోచన వివరిస్తాను. మొత్తం పని కావాలంటే తగిన పారితోషికం ఇవ్వగలరా? లేదా నా పాత పనుల్లో ఒకదాన్ని మీ ముందు కూర్చుని వివరించడానికి సిద్ధం."

5. అత్యవసరమై, తెలిసీ ఉచితంగా చేయాల్సి వస్తే సిగ్గుపడకండి. మేమూ చేశాం. కానీ షాపు పని మాత్రం మానకండి. ఆ పనిని తర్వాత మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోండి.

అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయం ఉంటుంది. నిజమే, ఒక్కోసారి పోతుంది కూడా. మాలో ఒకరికి పోయింది. మరో రెండు చోట్ల అడిగినందుకే పని తగ్గించారు, ఒక చోట డబ్బు ఇచ్చారు. అడగకపోతే ఆ రెండూ జరిగేవి కావు.

ఈ హాస్టల్లో కూర సరిగా లేకపోతే వార్డెన్ గారి గది ముందు నిలబడి చెప్పడం నేర్చుకున్నాం. గొంతు పెంచకుండా, తల వంచకుండా చెప్పేవాళ్లం. బయట కూడా అలాగే అడగండి.

వార్షికోత్సవం రోజు మేము నలుగురం హాస్టల్‌కు వస్తాం. పోర్ట్‌ఫోలియో తయారు చేసుకున్నవాళ్లు తెచ్చి చూపించండి. లేనివాళ్లు గీసిన బొమ్మలు తెచ్చినా చాలు. కూర్చుని సరిచేద్దాం. దానికి మాత్రం ఎవరూ డబ్బు ఇవ్వనక్కర్లేదు.