పేరును ఎక్కడ కోయాలి?

ఫెస్ట్ అయిపోయినంక సర్టిఫికెట్ల పని మొదలవుతది. గూగుల్ ఫారం నుంచి వచ్చిన షీట్‌లో పేరంతా ఒకే గడిలో ఉంటుంది. టెంప్లేట్ మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు కాలమ్‌లు అడుగుతుంది. ఎక్సెల్‌లో ఆ కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ నొక్కి, డీలిమిటెడ్ ఎంచుకుని, స్పేస్ దగ్గర టిక్ పెడితే చాలు. గూగుల్ షీట్స్‌లో అయితే స్ప్లిట్ టెక్స్ట్ టు కాలమ్స్. ముక్కలు కుడివైపు గడుల్లోకి పోతాయి కాబట్టి అక్కడ ఫోన్ నంబర్లు ఉంటే పని ఖతం. ముందే ఖాళీ కాలమ్‌లు పెట్టుకోండి.

బటన్ సంగతి ఇంతే. అసలు చిక్కంతా పేర్లతోనే.

మన కరీంనగర్ వైపు వంగరలో పెరిగిన పి.వి. గారినే తీసుకోండి: పాములపర్తి వెంకట నరసింహారావు. స్పేస్ దగ్గర కోస్తే మూడు ముక్కలు. ‘నరసింహా రావు’ అని విడిగా టైప్ చేస్తే నాలుగు. అప్పుడు ఫస్ట్ నేమ్ పాములపర్తి, లాస్ట్ నేమ్ ఉత్త రావు! కొమురం భీం పేరులోనూ కొమురం ఇంటిపేరే. అంటే మనకు మొదటి స్పేస్ దగ్గర ఒక్కసారే కోయాలి. మైక్రోసాఫ్ట్ 365లో దీనికి టెక్స్ట్‌బిఫోర్, టెక్స్ట్‌ఆఫ్టర్ అనే ఫంక్షన్లు ఉన్నాయి. పాత ఎక్సెల్‌లో ఫైండ్‌తో స్పేస్ ఎక్కడుందో పట్టుకుని, లెఫ్ట్, మిడ్‌లతో కోసుకోవాలి. దానికంటే ముందు ట్రిమ్ చేయండి, పేరుకు ముందే స్పేస్ కొట్టే మహానుభావులు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

ఇక్కడితో అయిపోతే బాగుండు. కానీ మనముండేది బాసరలో. గోదావరి ఒడ్డున ఇటు మనం, కొంచెం అటు పోతే ధర్మాబాద్, అంటే మహారాష్ట్ర. ముధోల్, భైంసా వైపు మరాఠీ మాట్లాడే ఇండ్లు చాలా ఉన్నాయి. వాళ్ల పద్ధతిలో సొంత పేరు ముందు, తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. పి.వి. క్యాబినెట్‌లో హోంమంత్రి శంకర్‌రావ్ భావురావ్ చవాన్. ఒకే క్యాబినెట్, ఇంటిపేర్లు మాత్రం చెరో కొసన! ఇక షేక్, మహ్మద్ అని మొదలయ్యే పేర్లలో ఆ మొదటి మాట చాలాసార్లు ఇంటిపేరే కాదు. స్పేస్‌ను చూసి ఇవన్నీ చెప్పే ఫార్ములా లేదు.

సర్టిఫికెట్ మీది పేరు పదో తరగతి మెమోతో కలవకపోతే రేపు వెరిఫికేషన్‌లో తిప్పలు పడేది ఆ విద్యార్థే. అందుకే ఈసారి ఫారంలో ఇంటిపేరుకు ఒక డబ్బా, పేరుకు ఒక డబ్బా, ‘సర్టిఫికెట్‌పై ఎలా ఉండాలి’ అని మూడోది పెట్టాను. ప్రింట్‌కు పోయేది ఆ మూడోదే, దాన్ని ఏ ఫార్ములా ముట్టదు.