ఉబ్బిన బ్యాటరీ

2020వ సంవత్సరమున కరోనా వలన బడులు మూతపడినప్పుడు పాఠములు చెప్పుటకై మావారు కొన్న ల్యాప్‌టాప్ మొదట నాలుగు గంటలు పనిచేసెడిది. నిరుడు నలువది నిమిషములకే ఆఱిపోసాగెను. తీగ తగిలించియే వాడుకొందము, డబ్బు మిగులునని మేమే యంటిమి. పొరపాటు మాదే.

లిథియం బ్యాటరీ నిండి ఖాళీయగు కొలఁది క్షీణించును. ఎల్లప్పుడు నిండుగా, వేడిలో నుంచిన మఱింత చేటు. మేమో, పరుపుమీఁదఁ బెట్టి రేయింబవళ్లు తీగ తీయమైతిమి! సామర్థ్యము నూటికి 80కి దిగినంతనే దిగులు వలదు. పని సాగనప్పుడు మార్చుకొనవచ్చును.

ఉబ్బు సంగతి వేఱు. ఒకనాఁడు మా యమ్మాయి, “అమ్మా! టచ్‌ప్యాడ్ పైకి లేచిందే!” యనెను. లోపల వాయువు పుట్టి బ్యాటరీ పూరీవలెఁ బొంగినది. ఆ పిల్ల రాత్రులు దానిని ప్రక్కలోఁ బెట్టుకొని చదివెడిదని తలఁచిన నిప్పటికిని గుండె జల్లుమనును. అది నిప్పంటుకొనవచ్చును. అట్టిదానిని ఛార్జి చేయరాదు, నొక్కరాదు, గుచ్చరాదు.

వెంటనే ఆపివేసి, గుడ్డలకు దూరముగా గచ్చుమీఁద నుంచితిమి. మఱునాఁడు మావారు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకుఁ గొనిపోయి క్రొత్తది వేయించిరి. 2022 నాటి కేంద్ర నిబంధనలను బట్టి పాతదానిని ఇంటి చెత్తలోఁ గలుపరాదు గనుక, అంగడివానికే యప్పగించి వచ్చిరి.