ఒకే బాణీ, వేరు వేరు పాటలు: సలిల్ చౌదరి తన కవులతో పనిచేసిన తీరు

1958లో వచ్చిన 'మధుమతి' సినిమాలో లతా మంగేష్కర్ పాడిన 'ఆజా రే పరదేశీ' దూరాన ఉన్న మనిషిని రమ్మని పిలిచే పాట. ఆ తర్వాత అదే బాణీలో, అదే గొంతుతో బెంగాలీలో మరో పాట వచ్చింది. అందులో ఎవరినీ పిలవడం ఉండదు. పక్షిని ఎగిరిపొమ్మని సాగనంపడం ఉంటుంది. హిందీ పాట రాసింది శైలేంద్ర. బెంగాలీ పాట రాసింది ఆ బాణీ కట్టిన సలిల్ చౌదరే.

ఒకే బాణీ ఒక భాషలో 'రా' అంది, ఇంకో భాషలో 'పో' అంది. రెండు చోట్లా జనం ఆదరించారు. ఇప్పుడు ఒక్కో పెద్ద సినిమా ఒకేరోజు అయిదు భాషల్లో విడుదలవుతోంది. ఒకే పాటను అయిదుగురు రాస్తున్నారు. వాటిలో కొన్ని మన చెవికి ఎందుకు పరాయిగా వినిపిస్తాయో అర్థం కావాలంటే సలిల్ చౌదరి పనితీరును ఒకసారి చూడాలి. 2025 నవంబరుతో ఆయన పుట్టి వందేళ్లు నిండాయి.

కవి కూడా అయిన సంగీత దర్శకుడు

సలిల్ చౌదరి బాల్యం అస్సాం తేయాకు తోటల్లో గడిచింది. తండ్రి అక్కడ డాక్టరు. ఇంట్లో గ్రామఫోన్ మీద మొజార్ట్, బీథోవెన్ వినిపించేవారు. బయట తోట కూలీల పాటలు వినిపించేవి. 1940లలో ఆయన ఇప్టాలో చేరారు. మన ప్రజా నాట్యమండలి పుట్టింది కూడా ఆ ఉద్యమంలోనే. ఊరూరా తిరిగి రైతుల కోసం, కార్మికుల కోసం పాటలు రాసి, బాణీ కట్టి, పాడించారు.

ఆయన కథలు కూడా రాశారు. 1953లో బిమల్ రాయ్ తీసిన 'దో బీఘా జమీన్' కథ ఆయనదే. దానికి సంగీతమూ ఆయనదే. బెంగాలీలో అయితే చాలా పాటలకు మాట, బాణీ రెండూ తనవే. మాటలు రాయడం వచ్చిన మనిషి ఇతర భాషల్లోకి వెళ్లినప్పుడు కలం ఇంకొకరి చేతికి ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన కవులతో రెండు విధాలుగా పనిచేశారు.

కవిత ముందు, బాణీ తర్వాత

మొదటిది, రాసి ఉన్న కవితకు సంగీతం కట్టడం. సుకాంత భట్టాచార్య 1947లో, ఇరవై ఒకటో ఏడు నిండకుండానే క్షయతో చనిపోయారు. ఆయన రాసిన 'రన్నర్' కవిత రాత్రంతా టపా సంచీ మోసుకుని పరుగెత్తే తపాలా మనిషి గురించి. దానికి సలిల్ చౌదరి బాణీ కట్టారు, హేమంత ముఖర్జీ పాడారు. సాధారణంగా పాట పల్లవితో మొదలై, చరణం అయ్యాక మళ్లీ పల్లవికి వస్తుంది. ఈ పాట అలా వెనక్కి రాదు. పరుగెత్తే మనిషిలాగే ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారుతూ ముందుకు పోతుంది. సత్యేంద్రనాథ్ దత్తా పల్లకీ కవితకు కట్టిన బాణీలో బోయీల నడకే తాళం.

ఇక్కడ కవి పాదాలు ఎలా ఉంటే సంగీతం అలా వంగింది. చనిపోయిన కవి దగ్గరికి వెళ్లి 'ఈ మాట కాస్త తగ్గించండి' అని అడగలేరు కదా!

బాణీ ముందు, మాట తర్వాత

సినిమాలో పద్ధతి ఎక్కువగా దీనికి తలకిందులు. ముందు బాణీ వస్తుంది. కవి ఆ కొలతకు మాటలు కూర్చాలి. ఎక్కడ దీర్ఘం, ఎక్కడ హ్రస్వం, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నవన్నీ ముందే ఖాయమై ఉంటాయి.

సలిల్ చౌదరి బాణీలు ఈ పనిని ఇంకా కష్టం చేశాయి. ఉర్దూ గజల్ పద్ధతికి అలవాటుపడిన కవులు సమానమైన పాదాలతో రాస్తారు. ఈయన బాణీలో ఒక పాదం పొడుగు, ఇంకోటి పొట్టి. స్వరం ఉన్నట్టుండి పైకి ఎగబాకుతుంది. 1961లో 'ఛాయా' సినిమా కోసం ఆయన మొజార్ట్ 40వ సింఫనీ మొదటి వరుసను తీసుకుని యుగళగీతం చేశారు. వియన్నా వాద్యబృందం కోసం పుట్టిన ఆ స్వరాల మీద రాజేంద్ర కృష్ణ మామూలు హిందుస్తానీ మాటలు కూర్చారు. సింఫనీ సంగతి తెలియని లక్షలమంది దాన్ని ప్రేమపాటగానే విన్నారు.

శైలేంద్రతో జోడీ అన్నిటికన్నా సహజంగా కుదిరింది. ఆయన బొంబాయి రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన మనిషి, ఆయనా ఇప్టా నుంచే వచ్చారు. 1966లో శైలేంద్ర చనిపోయాక సలిల్ చౌదరి హిందీ పాటల్లో గుల్జార్, యోగేశ్ పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. 1971లో వచ్చిన 'ఆనంద్'కు ఇద్దరూ రాశారు. అందులో ముకేశ్ పాడిన సాయంకాలపు పాట యోగేశ్‌ది. ఆ బాణీ అంతకుముందే బెంగాలీలో హేమంత గొంతులో వచ్చింది. బెంగాలీ పాటలో ధ్రువనక్షత్రం దారి తప్పిన బాటసారిని ప్రశ్నిస్తుంది. హిందీకి వచ్చేసరికి చావు దగ్గరపడిన మనిషి ఒంటరితనం కావాలి. యోగేశ్ నక్షత్రం జోలికి పోలేదు. సినిమాలోని మనిషిని చూసి రాశారు.

సముద్రం ఒడ్డు మాట

1965లో రాము కారియాట్ 'చెమ్మీన్' కోసం సలిల్ చౌదరిని కేరళకు తీసుకొచ్చారు. మలయాళం ఆయన భాష కాదు. పాటలు రాసింది వయలార్ రామవర్మ. జాలర్ల కథ కాబట్టి వయలార్ సముద్రాన్ని, పడవను, ఎదురుచూపును పాటలోకి తెచ్చారు. ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకున్న తొలి దక్షిణాది సినిమా అది. ఆ తర్వాత ఓ.ఎన్.వి. కురుప్ వంటి కవులతో ఆయన మలయాళంలో ఎన్నో సినిమాలు చేశారు. తెలుగులోనూ 1974లో 'చైర్మన్ చలమయ్య'కు సంగీతం అందించారు.

ఒక బెంగాలీ బాణీ మలయాళీల సొంత పాట కావడానికి కారణం అక్కడి కవి అక్కడి మాటతో రాయడమే.

ఇప్పటి డబ్బింగ్ పాట సంగతి

తెలుగులో డబ్బింగ్ పాటకు పెద్ద చరిత్రే ఉంది. 1950లో వచ్చిన 'ఆహుతి'కి మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. డబ్బింగ్ కవికి బాణీ కొలత ఒక్కటే సమస్య కాదు. తెర మీద నటుడి పెదవులు కలిసిన చోట ప, బ, మ వంటి అక్షరం పడాలి. నోరు తెరిచిన చోట దీర్ఘం పడాలి. ఆ పైన, తెర మీద వర్షం కనిపిస్తుంటే ఎండ గురించి రాయలేరు.

సలిల్ చౌదరికి ఉన్న ఒక వెసులుబాటు ఇక్కడ ఒప్పుకోవాలి. ఆయన బెంగాలీ పాటల్లో చాలావరకు దుర్గాపూజ సమయంలో విడుదలైన ప్రైవేటు రికార్డులు. వాటికి తెర లేదు, పెదవులు లేవు, సన్నివేశం లేదు. అందుకే అర్థం పూర్తిగా మార్చగలిగారు. ఆ స్వేచ్ఛ అంతా డబ్బింగ్ కవికి ఇవ్వడం కుదరదు.

కానీ కొంత ఇవ్వవచ్చు. పాటలో నటుడు నేరుగా పాడని చోట్ల, నేపథ్యంలో వచ్చే చరణాల్లో పెదవుల బంధం ఉండదు. అక్కడ కూడా మూలంలోని ఉపమానాన్ని మాటకు మాట దించమంటేనే పాట పరాయిదవుతుంది. ఆ కవికి కావలసింది సందర్భం, బాణీ, కాస్త సమయం. చాలాసార్లు చివరిదే దొరకదు.

పేరు, డబ్బు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం బాణీ సంగీత రచన, మాట సాహిత్య రచన. పాడటానికి రాసిన మాటలు సంగీత రచనలో భాగం కావని చట్టమే చెబుతోంది. అంటే బాణీ పాతదైనా, దాని మీద కొత్తగా రాసిన పాట వేరే రచనే.

ఆచరణలో మాత్రం 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత సినిమా పాట మీద హక్కులు దాదాపుగా నిర్మాతవే అయ్యాయి. కవికి ఒకసారి ఇచ్చిన పారితోషికంతో సరి. 2012లో చట్టాన్ని సవరించారు. అందుకోసం రాజ్యసభలో గట్టిగా మాట్లాడినవారిలో జావేద్ అఖ్తర్ ఒకరు. థియేటర్లో సినిమాతో కలిపి వేసినప్పుడు తప్ప, రేడియోలో, టీవీలో, ఫోన్లో పాట వినిపిస్తే వచ్చే రాయల్టీలో కవికీ, సంగీత దర్శకుడికీ సమాన వాటా ఉంటుందనీ, ఆ హక్కును మొత్తంగా రాసిచ్చేయడం చెల్లదనీ ఆ సవరణ చెబుతోంది.

రాయల్టీ రావాలంటే ముందు ఆ పాట ఎవరు రాశారో నమోదు కావాలి. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు వేదిక మీద కీరవాణి పక్కన చంద్రబోస్ కూడా నిలబడ్డారు, ఎందుకంటే ఆ అవార్డు ఇద్దరిదీ. అదే పాట హిందీలో, తమిళంలో ఎవరు రాశారో మనలో ఎంతమందికి తెలుసు? అలాగే మనం రోజూ వింటున్న తమిళ, కన్నడ సినిమాల తెలుగు పాటలు రాసినవారి పేర్లు ఎన్ని చెప్పగలం?

'మధుమతి' పాట గురించి మాట్లాడినప్పుడు శైలేంద్ర పేరు ఇప్పటికీ చెబుతారు. డబ్బింగ్ పాటకూ ఆ మర్యాద దక్కాలి. ఫోన్లో పాట పెట్టినప్పుడు గాయకుడి పేరు కింద రచయిత పేరు ఉందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే ఆ పాటలో సగం రాసిన మనిషి లెక్కలోకే రాలేదని అర్థం.